కాంటా డబ్బాకు మాటలు నేర్పిన సైదమ్మ

“కూర మాడుతాంది, సోయి ఉన్నదా నీకు?” అని అత్త భద్రమ్మ కేకేసేసరికి సైదమ్మ కీబోర్డు మీద నుంచి చేతులు తీసి గరిటె అందుకుంది. ముందుగది వచ్చేపోయేవాళ్ళకు కావాలి గనక కంప్యూటరును వంటగదిలో, పొయ్యి పక్క బల్ల మీద పెట్టారు. భర్త లింగస్వామి నకిరేకల్ రోడ్డు మీద దుకాణం నడుపుతాడు. లారీలను తూచే కాంటాలకు బరువు చూపే ఎలక్ట్రానిక్ డబ్బాలు చేసి అమ్ముతాడు. డబ్బా చెడిపోతే ఒక తీగ తగిలించి, దానికేమైందో తెర మీద దాన్నే అడగవచ్చు. డబ్బాకూ తెరకూ మధ్య మాట నడిపే ప్రోగ్రాం పేరు సీరియల్ డ్రైవర్. దాన్ని రాసిందీ, డబ్బాలో చిప్పు మారినప్పుడల్లా సరిదిద్దేదీ సైదమ్మే. “డ్రైవరంట! కూసున్న కాడికెల్లి లేవదు, ఏం బండి నడుపుతదో” అని అత్త వచ్చినవాళ్ళందరినీ నవ్విస్తుంది. లింగస్వామి అయితే “ఇంట్ల పొద్దుపోక ఏదో చేస్తది” అంటాడు. ఇద్దరూ ఒకే పాలిటెక్నిక్‌లో చదివారు, ఆమెకే మార్కులు ఎక్కువ. ఆ మాట ఎత్తితే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

ఆ రోజు హైదరాబాదు కంపెనీ ఇంజనీరు ఇంటికి వచ్చాడు. డ్రైవర్ రాసిన మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటారట. ఆ మనిషి లింగస్వామే అని ఇంట్లో ముందే తేల్చేశారు. “నాకొస్తే నీకొచ్చినట్టు కాదా? అక్కడ కొత్త మిషన్లుంటయ్. ఇంటికి తెస్త, నువ్వే చేద్దువు” అన్నాడు సైదమ్మతో. సిగ్గులేని మనసు, దానికే ఆశపడింది.

చాయ్ మరుగుతుంటే ముందుగది మాటలు వినబడుతున్నాయి. “చిప్పు మారితే తెర మీద పిచ్చి అక్షరాలు రావాలె గదా, మీకెందుకు రాలేదు?” అని అడిగాడు ఇంజనీరు. లింగస్వామి మంచినీళ్ళ వంకతో వంటగదిలోకొచ్చి అదే అడిగాడు. “ముందుగాల ఒక మీట నొక్కమంటం. ఆ అక్షరం వచ్చిన వేగం చూసి డబ్బా తన వేగం సర్దుకుంటది” అని చెప్పేసింది సైదమ్మ, అలవాటు కొద్దీ. అతను వెళ్ళి అదే మాట అప్పజెప్పాడు.

“శభాష్! ఎట్ల తట్టింది మీకు?”

“ఇంట్ల ఆడోళ్ళ లొల్లి లేనప్పుడు కూసొని ఆలోచించిన సార్” అని నవ్వాడు లింగస్వామి.

అది సైదమ్మకు తట్టిన నాడు పిల్లకు జ్వరం. పిల్లను చంకనేసుకుని ఒంటిచేత్తో మీటలు నొక్కింది. తెర మీద మొదటి అక్షరం చక్కగా పడగానే ఏడుపొచ్చేసింది. పిల్లకే ఏదో అయిందని అత్త కంగారుపడింది కూడా.

ఇంజనీరు మళ్ళీ అడిగాడు. “లారీని తూచేటప్పుడు చిప్పుకు తీరిక ఉండదు. అప్పుడు టైపు చేసినా ఒక్క అక్షరం పోతలేదు. గదెట్ల?”

లింగస్వామి మళ్ళీ వంటగదిలోకి వచ్చాడు. “జర జల్ది చెప్పు.”

ఆమెకు తెలుసు. వచ్చిన అక్షరాలను వచ్చినట్టే వరుసలో దాచి, తూకం అయ్యాక చదువుకునేలా చేసింది తనే. నోటి దాకా వచ్చింది. చెబితే అదీ అతనిదే అవుతుంది. చెప్పకపోతే హైదరాబాదు లేదు, కొత్త మిషన్లు లేవు, రేపు ఈ బల్ల మీద ఈ తెర కూడా ఉండనివ్వడు. ముందుగదిలోకి వెళ్ళి “నేనే చేసిన” అంటే వచ్చినాయన భర్త ముఖం చూసి నవ్వుతాడు. ఏడ్వడానికి కూడా జాగా లేని ఇల్లు.

“చెప్పవే, సార్ కూసున్నడు.”

సైదమ్మ చాయ్ వడగట్టి గ్లాసుల్లో పోసింది. తన బతుకు మొత్తంలో తనది అనుకున్న ఒకే ఒక్క పని గురించి, మొగుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ, “నాకు తెల్వదు” అంది.