నాలుగోసారి గ్యాసు

మార్చి నుంచి మే లోపల ఫ్రిజ్ మెకానిక్ మొగిలయ్య దమయంతి పాల దుకాణానికి రావడం ఇది నాలుగోసారి. గ్యాసు సిలిండరును స్కూటరు మీద కాళ్ల మధ్య ఇరికించుకుని, ఎర్రటి ఎండలో నారాయణగూడ నుంచి చిక్కడపల్లి చేరేసరికే అతనికి తల వేడెక్కింది. అడుగు పెట్టగానే ఆమె ఎప్పటి మాటే ఎత్తుకుంది. పెట్టె చల్లబడటం లేదట, గ్యాసు అయిపోయినట్టుందట, జర నింపి పొమ్మంది.

"గ్యాసు అయిపోదక్క. ఏడనో కారుతున్నది. అది దొరకబట్టకుండ నింపుడు ఉత్త దండుగ," అన్నాడు మొగిలయ్య.

ఈ ముక్క అంతకు ముందు మూడుసార్లూ చెప్పాడు. నాలుగు స్టీలు తలుపుల ఆ ఫ్రిజ్ పద్దెనిమిదేళ్ల నాటిది. గోడకు ఆనుకుని ఉంటుంది. ముందుకు జరిపితే గాని వెనక గొట్టాలు కనబడవు, ఖాళీ చేస్తే గాని జరగదు. పాలూ పెరుగూ ఎక్కడ పెట్టాలని ఆమె ప్రతిసారీ అడ్డుపడేది. అతను పాత డబ్బా అని విసుక్కుంటూనే, గ్యాసు ఒత్తిడి చూపే గేజీ బిగించి చూసి, ముల్లు పడిపోయి ఉంటే నింపి వెళ్లిపోయేవాడు.

ఈసారి మొండికేశాడు. ఖాళీ చేస్తేనే స్క్రూ ముట్టుకుంటానని స్టూలు మీద కూర్చున్నాడు. దమయంతి గొణుక్కుంటూ పక్క జ్యూసు దుకాణం నుంచి ఐసు తెప్పించి, ప్యాకెట్లన్నీ టబ్బుల్లో సర్దింది. ఇద్దరూ కలిసి పెట్టెను మూరెడు జరిపారు.

గేజీ బిగిస్తే ముల్లు మళ్లీ సగానికి దిగి ఉంది. అతను సబ్బు నురగ కలిపి, బ్రష్షుతో ఒక్కో అతుకూ తడిపాడు. గ్యాసు కారే చోట బుడగ లేవాలి. గంటన్నర వెతికినా ఒక్క బుడగ లేవలేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. పెరుగు కోసం వచ్చిన ప్రతి ఒక్కరూ అతని వీపు మీదుగా వంగి ఏమైందని అడిగారు. అతను తల తిప్పకుండా అతుకులు తడుపుతూనే ఉన్నాడు.

ఇక లాభం లేదని, గ్యాసు ఎక్కించే వాల్వు నుంచి గేజీ పైపు ఊడదీశాడు. చేతికంటిన నురగ ఆ వాల్వు మీద పడింది. చిన్న బుడగ ఒకటి లేచింది, పగిలింది, మరొకటి లేచింది.

మొగిలయ్య ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. ఆ వాల్వు పోయినేడు తనే బిగించాడు. గ్యాసు చూసినప్పుడల్లా దాని పిన్నును నొక్కి నొక్కి అరగదీశాడు. పైన బిగించాల్సిన మూత కూడా లేదు, ఏనాడో మరిచాడు. వెతికినంతసేపూ పైపు దానికే ఉండటంతో అక్కడ నురగ పూయలేదు.

"దొరికిందా అన్న?" అంది దమయంతి.

పాత గొట్టానికి చిల్లు పడిందంటే సరిపోయేది. ఆమె వచ్చి చూడదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"దొరికిందక్క," అన్నాడు చివరికి. "నేను బిగించిన వాల్వే. నేను చూసినప్పుడల్ల ఇంత పోతున్నది."

ఆమె టబ్బుల వంకా, తడిసిన నేల వంకా చూసింది.

"మరి ఇన్ని దినాలు నా ఫ్రిజ్‌ను తిట్టినవ్ గదా."

అతను పిన్ను మార్చి, గ్యాసు నింపి, మూత బిగించి, దాని మీద రెండుసార్లు నురగ పూసి చూశాడు. పాల ప్యాకెట్లు లోపల సర్దేదాకా ఉండి వెళ్లాడు.

జూన్‌లో పిలుపు రాలేదు. మనసాగక ఒక పొద్దున తనే వచ్చి, గ్యాసు చూస్తానని గేజీ తీశాడు. దమయంతి పెట్టెకు అడ్డంగా నిలబడింది.

"చల్లగనే ఉన్నది. నువ్వు చూడకు," అంది.