ముప్పై నాలుగు కాదు, మూడు బై నాలుగు

బ్రెయిలీ అచ్చుశాలలో పనిచేసే ఆపరేటరమ్మాయి పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పాత కంప్యూటరు పోయినవారం కన్నుమూసింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది కొత్తది. లెక్కల గుర్తుల్ని చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఒక్కటే లేదు. అది లేకపోతే ప్రశ్నపత్రంలో మూడు బై నాలుగు కాస్తా ముప్పై నాలుగుగా అచ్చవుతోంది. రేపు పొద్దున పదకొండుమంది చూపులేని పిల్లలు ఆ చుక్కలు తడిమి లెక్కల పరీక్ష రాయాలి. ఐదింటికి బడి వ్యాను వస్తుంది. ఇప్పుడు మూడున్నర.

కమాండ్ కొట్టింది. ఒక్క ప్యాకేజీని పిలిస్తే అది మరో ఆరింటిని వెంటేసుకుని వచ్చింది. తెరమీద బారెడు అక్షరాలు పరిగెత్తి, చివర్న ‘విజయవంతంగా ఇన్‌స్టాల్ అయింది’ అని ఆగాయి. హమ్మయ్య అనుకుని అచ్చు ప్రోగ్రామును నడిపింది. ‘అలాంటి ప్యాకేజీ లేదు’ అందది.

“ఇప్పుడేగా పెట్టాను నీ మొహాన,” అంది తెరతో.

పక్క బల్ల దగ్గర ప్రూఫులు చూసే మాస్టారు తల తిప్పాడు. ఆయనకి చూపు లేదు. ఈ అచ్చుశాలనుంచి బయటికెళ్ళే ప్రతి కాగితమూ ఆయన వేళ్ళకింద నలిగి వెళ్ళాల్సిందే.

“ఏమంటుందమ్మాయ్?”

“పెట్టానని ఒకటి, లేదని ఒకటి. ఒకే పెట్టెలో కాపురం, ఒకరి మాట ఒకరికి పడదు. అత్తాకోడళ్ళే నయం.”

వాళ్ళింట్లో డిగ్రీ కాలేజీ గడప తొక్కింది ఆ అమ్మాయి ఒక్కతే. చెప్పింది చెప్పినట్టు చేస్తే పని అయి తీరుతుందని నమ్మే మనిషి. అందుకే ఉన్నది తీసేసి మళ్ళీ పెట్టింది. కంప్యూటరు ఆపి, వేసి, ఇంకోసారి పెట్టింది. అదే పాట.

“ఆ చదివే గొంతు పెట్టరాదూ, నేనూ వింటాను,” అన్నాడు మాస్టారు. తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే ఏర్పాటు అందులో ఉంది. పొద్దునపూట ఆయన వాడతాడు. తను కూర్చోగానే ఆ అమ్మాయి చేసే మొదటి పని దాన్ని ఆపెయ్యడం.

“దాని గోల వింటే ఉన్న మతి పోతుంది మాస్టారూ. నోరు మూసుకుని ఉండనీండి.”

మాస్టారు మళ్ళీ ప్రూఫుల్లో పడ్డాడు. నాలుగూ నలభైకే బయట హారన్ మోగింది. వ్యాను డ్రైవరు తలుపులోంచి తొంగిచూశాడు.

“అయిందా మేడమ్?”

“అవుతోంది.”

“పోయినసారీ ఇదే అన్నారు.”

“పోయినసారి అయిందిగా.”

అతను వెళ్ళాక, ఇక ఏ దిక్కూ తోచక, ఆ గొంతు పెట్టి నాలుగోసారి కమాండ్ కొట్టింది. గొంతు ఎత్తూపల్లం లేకుండా మొదలుపెట్టింది. మాస్టారు చెయ్యెత్తాడు.

“ఆగు. మొదటి లైనేదో అంది.”

“అది ఎప్పుడూ అనేదే. చివరిది వినండి, అయిందంటుంది.”

“చివరికి గెంతడం కళ్ళున్నవాళ్ళ సుఖం. నేను మొదట్నుంచీ రావాల్సిందే. అందరికీ పనికొచ్చేచోట పెట్టడానికి నీకు అనుమతి లేదట. అందుకని నీ సొంత ఫోల్డర్లో పెడుతోందట. అచ్చు ప్రోగ్రాం నీ పేరుమీదే నడుస్తుందా?”

నడవదు. అచ్చు పనికి మేనేజరు వేరే ఖాతా తెరిచాడు. అంటే సామానంతా తనింటి అటకమీద పెట్టి, పక్కింటివాళ్ళని వెతుక్కోమంది. ఇందాకటినుంచి అది ప్రతిసారీ ముందే చెబుతోంది. తనే చదవలేదు. ఎవర్ని తిట్టాలో తెలియక ఆ అమ్మాయి పళ్ళు కొరుక్కుంది.

అచ్చు ఖాతాలోకి వెళ్ళి అక్కణ్ణుంచి పెట్టింది. యంత్రం ఒకసారి గుర్రుమని, టకటకా చుక్కలు పొడవడం మొదలెట్టింది. మొదటి కాగితం మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు ఐదో ప్రశ్న దగ్గర ఆగాయి.

“ముప్పై నాలుగా?” అంది.

“మూడు బై నాలుగే.”

కుర్చీలో కూలబడింది. “ఇందాక నోరు మూసుకోమన్నాను.”

“నన్ను కాదుగా, పెట్టెని.”

“మీకు చదివిపెట్టేది అదేగా మాస్టారూ.”

“సరేలే, మిగతా పదీ వెయ్యి.”

బయట మళ్ళీ హారన్ మోగింది. మాస్టారు తొణకలేదు. కాగితం సర్దుకుని మొదటి ప్రశ్న మొదటి చుక్కమీద వేలు పెట్టాడు. అన్నీ బాగానే ఉంటాయి, ఇచ్చెయ్యండి అనే మాట ఆ అమ్మాయి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, డ్రైవరుకి ఇంకాస్త ఆగమని చెప్పడానికి లేచింది.