పేరు చెప్పని బటన్లు

కోర్టు విచారణల రికార్డింగులు విని టైపు చేసే ఉద్యోగం తమ్ముడిది. అతనికి చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి హెడ్‌ఫోన్‌లో మాట్లాడుతూ ఉండేది. ఒక చెవిలో సాక్షి, ఇంకో చెవిలో ప్రోగ్రాం. పదకొండేళ్ళలో అతని వేళ్ళు తడబడ్డ రోజు లేదు.

అక్క ప్రోగ్రామర్. తమ్ముడి ఆఫీసులో కంప్యూటర్లన్నీ మారుస్తున్నారని తెలిసి, వాటిలో అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ పెట్టమని ఆఫీసరు ఎదుట కూర్చుని గంటసేపు నచ్చజెప్పింది ఆమే.

"ఇది ఏ కంపెనీ సొత్తూ కాదండీ. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఏది చెడినా మనమే బాగుచేసుకుంటాం."

ఆఫీసరు సరేనన్నాడు. చిక్కు ఆ తర్వాత బయటపడింది. అందులోని ప్రోగ్రాములను రెండు గుంపులవాళ్ళు వేర్వేరుగా, ఇష్టం కొద్దీ రాస్తారు. ఒక గుంపు ప్రోగ్రాంలో తమ్ముడు బటన్ మీదికి వెళ్తే "సేవ్" అని వినిపించేది. రెండో గుంపుదానిలో "బటన్, బటన్, బటన్" అంతే. ఫైలు మూయడానికి ఇందులో ఒక మీట నొక్కాలి, అందులో వేరేది. రికార్డింగు వినడానికి వీళ్ళది, టైపు చేయడానికి వాళ్ళది వాడక తప్పదు.

ప్రతి బటనూ తన పేరు చెప్పాలనీ, ఒక మీట అన్నిచోట్లా ఒకే పని చేయాలనీ అక్క నలభై పేజీల ఒప్పందం రాసింది. మూడేళ్ళు రెండు గుంపుల పెద్దల వెంట పడింది. ముందు వాళ్ళు మారాలని వీళ్ళూ, వీళ్ళు మారాలని వాళ్ళూ.

"తోడికోడళ్ళిద్దర్నీ ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టడం ఇంతకన్నా తేలికేమో అక్కా!" అని తమ్ముడు నవ్వేవాడు.

చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఏడాదంతా తమ్ముడి పని నల్లేరు మీద బండిలా సాగింది. అక్క కూడా మొదటిసారి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది.

తర్వాత రెండో గుంపు తమ ప్రోగ్రాంను మొదటినుంచీ తిరగరాసింది. తెర మీద కొత్త కిటికీలు చూడముచ్చటగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. బటన్లకు మాత్రం మళ్ళీ నోరు పడిపోయింది. ఆఫీసులో ఆ కొత్తది వచ్చిన నాలుగో రోజున తమ్ముడు ఒక బటన్‌ను "సేవ్" అనుకుని నొక్కాడు. పొద్దుటి నుంచీ టైపు చేసిన ఒక తల్లి వాంగ్మూలం మొత్తం చెరిగిపోయింది. వారం తిరక్కుండా ఆఫీసరు అతన్ని ఫోన్లు ఎత్తే బల్లకు మార్చాడు.

అక్క ఆ గుంపు పెద్దకు రాసింది. "పాతవన్నీ మోసుకు తిరగలేమండీ. మీరే రాసి పంపండి, చూస్తాం" అని జవాబు. సెలవు పెట్టి, పదహారు రోజులు కూర్చుని రాసి పంపింది. ఈలోగా వాళ్ళు ఆ భాగాన్నే ఇంకోసారి మార్చేశారు. ఆమె రాసినదాన్ని అతికించడానికి అక్కడ చోటే లేదు.

ఆ సంగతి చెప్పడానికి ఆఫీసుకు వెళ్ళింది. మెట్ల పక్కన చిన్న బల్ల, దాని మీద ఫోను. తమ్ముడు నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"మళ్ళీ మొదలుపెడతాన్రా. ఇంకో ఏడాది..."

"నాకోసమేనా అక్కా?"

"ఇంకెవరికోసం?"

"అయితే ఆపెయ్. రోజూ నువ్వొచ్చి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటుంటే ఈ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నా."

ఆమె సారీ చెప్పాలనుకుంది. ఇంతలో ఫోను మోగింది. "నమస్కారమండీ, రికార్డుల విభాగం" అన్నాడు తమ్ముడు. అవతలివాళ్ళకు ఏదో కాగితం కావాలి. ఎవర్ని అడగాలో, ఏ అంతస్తుకు వెళ్ళాలో ఓపిగ్గా చెబుతున్నాడు. అక్క కాసేపు నిలబడి, అతని భుజం తట్టి వచ్చేసింది.

మర్నాడు ఒప్పందం మొదటి పేజీ తెరిచి, దాని బాగోగులు చూసేవారు అన్నచోట తన పేరు తీసేసింది. ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని నెల రోజులు చూసింది. రెండు గుంపుల్లో ఒక్కరూ అడగలేదు.