ఎండబెట్టిన సెల్లు

నేను ఒక గ్యాస్ గీజర్‌ని. కుళాయి తిప్పితే వెలుగుతాను, కట్టేస్తే ఆరిపోతాను. నా కడుపులో రాగి గొట్టం, దాని కింద మంట, అంతకుమించి ఏమీ లేదు. ఇంత సులువైన పనిచేసే దానికి ఇంత చిరాకెందుకని మీరడగవచ్చు. మీరు బంగారినాయుణ్ణి చూడలేదు కాబట్టి అడుగుతున్నారు.

ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బయటికి పంపేముందు నా పొట్ట మీద ఒక కాగితం అంటించారు. గాలి ఆడే చోటే నన్ను వాడాలని దాని సారాంశం. విశాఖపట్నంలో నన్ను మొదట కొన్న బ్యాంకు దంపతులు ఆ కాగితం చదివి, వంటింటి కిటికీ పక్కన తగిలించారు. మూడేళ్లు మర్యాదగా బతికాను. వాళ్లకు బదిలీ కాగానే పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడినుంచి నన్ను చంకన పెట్టుకుని తీసుకెళ్లినవాడే బంగారినాయుడు.

ఈయన ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడే భార్య పైడమ్మ నిలదీసింది. "ఊరందర్నీ ఊళ్లన్నీ తిప్పేవు. నన్ను డిపో దాటించేవేటి మావా?" ఆయన పాత స్కూలు వ్యాను ఒకటి కొని, సీట్లు పీకి, బల్ల మంచం, గ్యాస్ పొయ్యి, నెత్తిన నీళ్ల ట్యాంకు పెట్టించాడు. వెనక మూలన బీరువా అంత స్నానాలగది కట్టించాడు. పైడమ్మకు కీళ్లవాతం. చన్నీళ్లు తగిలితే మోకాళ్లు కొయ్యబారిపోతాయి. వేణ్నీళ్లుంటేనే బయల్దేరతానంది. అందుకే నేను.

వ్యానులో నన్ను బిగించిన ఖాదర్ మంచి పనివాడు. గదికి పైన ఒక కన్నం, నేల దగ్గర ఒక కన్నం కోసి, జాలీలు వేసి, గట్టిగా చెప్పాడు. "నాయుడుగారూ, ఇది గ్యాసుతోపాటు గాలినీ తింటాది. ఈ కన్నాలు ముయ్యకండి. మూస్తే ఇసపు గాలి పుడతాది. దానికి వోసన కూడా ఉండదు. లోపలున్న మనిసి నిద్దరోయినట్టే పోతాడు." నాయుడు తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది? మర్నాడు బండికి పూజ చేస్తూ పైడమ్మ నా పొట్టమీది కాగితానికి దట్టంగా పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టింది. ఆ కాగితంలో చదవగలిగిన అక్షరం ఒక్కటి మిగల్లేదు.

ఇక సెల్లు. నా అడుగున టార్చిలైటులో వేసే లావుపాటి సెల్లు రెండుంటాయి. నిప్పురవ్వ పుట్టించేదీ, గ్యాసు తలుపు తెరిచి పట్టుకునేదీ అవే. అవి నీరసిస్తే తలుపు మూసుకుని నేను ఆరిపోతాను. మనిషన్నవాడు అప్పుడు కొత్తవి కొంటాడు. నాయుడు మాత్రం వాటిని ఊడదీసి, స్టీరింగు ముందు అద్దం దగ్గర ఎండలో పెట్టేవాడు. "ఎండ తగిల్తే మల్లీ లెగుస్తాయి" అనేవాడు. లేచేవి, రెండు చెంబుల నీళ్లకి! సబ్బు మొహంతో పైడమ్మ కేక పెట్టేది. "మావా! మల్లీ ఆరిపోనాదీ!" ఆయన పరుగెత్తుకొచ్చి, నా నెత్తిన రెండు దరువులు వేసి, సెల్లు అటుదిటు తిప్పి పెట్టేవాడు. తప్పు సెల్లుది, దెబ్బలు నాకు. నాకెంత ఒళ్లుమండేదో చెప్పలేను.

డిసెంబరులో లంబసింగి వెళ్లాం. పొద్దున్నే ఆకుల మీద మంచు పేరుకునే చోటు. అక్కడ గ్యాస్ బండకూడా మొండికేసింది. దాని కడుపులో ప్రొపేన్, బ్యూటేన్ అని ఇద్దరు అన్నదమ్ములుంటారు. చలిలో ప్రొపేన్ ఒక్కడే పనికి లేస్తాడు, రెండోవాడు ముసుగుతన్ని పడుకుంటాడు. నాయుడు బండకు కంబళి కప్పి, పైన మంకీ క్యాపు కూడా తొడిగాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

తెల్లవారేసరికి పైడమ్మ మంచం దిగలేకపోయింది. మోకాళ్లు పట్టేశాయి. "సలి గాలి కొడతాంది మావా, ఆ కన్నాల్లోంచి" అంది వణుకుతూ. ఆయనకు ప్రాణం ఉసూరుమంది. ముప్పై రెండేళ్లు ఘాటు రోడ్డు మీద కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి పాసింజర్లను చలినుంచి కాచిన చెయ్యి అది. ఆలోచించలేదు. పాత లుంగీ చించి రెండు కన్నాలూ బిగించి కుక్కేశాడు. "ఇంకేటి, ఎచ్చగా తానం సెయ్యి" అని తలుపు కూడా దగ్గరగా వేశాడు.

ఒరే నాయుడూ! ఖాదర్ ఏం చెప్పాడురా!

కుళాయి తిరిగింది. వెలగనని అనే హక్కు నాకు లేదు. మొదట నీలంగా మండాను. కాసేపటికి మంట కొసలు పసుపు తిరిగాయి, మసి రాలింది. నాకు తెలిసిన భాష అదొక్కటే, చదివే దిక్కులేదు. పైడమ్మ పీటమీద కూర్చుని, "ఈయాల ఎంత హాయిగున్నాదో మావా" అంది. బయట నాయుడు టీ కాచుకుంటూ మురిసిపోయాడు. ఇంకాసేపటికి, "తల తిరిగినట్టున్నాది" అంది. అదీ తనకు తానే చెప్పుకున్నట్టు, మెల్లగా. తర్వాత ఏమీ అనలేదు. భుజం గోడకు ఆనింది. చెంబు జారింది. నీళ్లు పారుతూనే ఉన్నాయి, నేను మండుతూనే ఉన్నాను. ఇన్నాళ్లూ అందరిమీదా విసుక్కున్న నేను అప్పుడు నన్ను నేనే అసహ్యించుకున్నాను. నా చేతులతో ఆవిణ్ణి చంపుతున్నాను, ఆగడం నా చేతుల్లో లేదు.

టక్కుమంది. ఆరిపోయాను.

సెల్లు! మూడు నెలలుగా ఎండలో పొర్లిన ఆ ముసలి సెల్లు, ఆ చలికి తట్టుకోలేక చేతులెత్తేశాయి.

బయట నాయుడు నా హోరు ఆగడం విన్నాడు. అలవాటు ప్రకారం టీ గ్లాసు కింద పెట్టి కేకకోసం చూశాడు. కేక రాలేదు. ఇంకో క్షణం ఆగాడు. ఇన్ని నెలల్లో నేను ఆరిపోయాక పైడమ్మ అరవని రోజు ఒక్కటీ లేదు.

"ఒలే పైడీ?"

తలుపు ఊడేలా లాగాడు. చన్నీళ్ల ధారకింద ఒరిగిపోయిన మనిషిని రెండు చేతులా ఎత్తి, దుప్పటి చుట్టి, మంచు గడ్డిమీదికి మోసుకెళ్లాడు. తెరిచి ఉన్న తలుపులోంచి నాకంతా కనబడుతోంది. అరచేతులు రుద్దాడు, చెంపలు తట్టాడు, ఖాదర్ మాటలు అప్పుడు గుర్తొచ్చి తలబాదుకున్నాడు. "నానే సంపీసుకున్నానే నిన్ను, నా సేతుల్తో నానే కుక్కీసేనే!" ఎంతసేపటికో ఆవిడ దగ్గింది. కళ్లు తెరిచింది. ఆవిడ అన్న మొదటి మాట ఇది:

"సెల్లు ఎండలో ఎట్టలేదేటి మావా?"

ఆయన భోరుమన్నాడు.

ఆసుపత్రిలో రోజంతా ఆక్సిజన్ పెట్టి పంపించారు. తిరిగొచ్చాక ఖాదర్ చేత పడవలసిన చీవాట్లన్నీ పడ్డాయి. తర్వాత ఖాదరే నన్ను గదిలోంచి ఊడదీసి వ్యాను వెనక బయట బిగించి, గొట్టం మాత్రం లోపలికి పంపాడు. ఇప్పుడు నాకు ఆకాశమంత గాలి. నాయుడు జన్మలో మొదటిసారి కొత్త సెల్లు కొనుక్కొచ్చాడు. పైడమ్మ వాటిని తీసి టార్చిలైటులో వేసింది. "ఆ పాతయే ఉండనీ మావా" అంది.

కాబట్టి నా గతి ఏమీ మారలేదు. స్నానం మధ్యలో ఆరిపోతూనే ఉన్నాను. ఎండలో సెల్లు, నెత్తిన దరువులు, అన్నీ యథాప్రకారమే. తేడా ఒక్కటే. లోపల నీళ్ల చప్పుడున్నంతసేపూ నాయుడు నా పక్కనే నిలబడి ఉంటాడు. టీ చల్లారిపోయినా సరే, "మావా! మల్లీ ఆరిపోనాదీ!" అన్న కేక వినబడేదాకా గ్లాసు ముట్టుకోడు.