గేటుకు కట్టిన చేపలు

ఊళ్ళో ఎవరికీ చిరునామా తెలియకూడని ఆ ఇంటి గేటుకు, తెల్లారేసరికి ఎవరో ప్రాణమున్న కొర్రమీనుల గుత్తి కట్టి పోయారు.

ఇంటి బాగోగులు చూసే మార్తమ్మ పాలప్యాకెట్ల కోసం గేటు తీయబోయి కెవ్వుమంది. నీలం నైలాన్ తాడుకు మొప్పల్లోంచి గుచ్చిన చేపలు ఇంకా తోకలు కొట్టుకుంటున్నాయి. అరుపు విని బయటికొచ్చిన మేనేజర్ ఎలిజబెత్ ముందు చేపల్ని చూసింది. తరువాత తన వెనకాలే వచ్చిన మహాలక్ష్మి ముఖం చూసింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఇది మా అత్తారి పద్ధతి మేడం,” అంది మహాలక్ష్మి గోడ పట్టుకుని. “ఇల్లొదిలెళ్ళిన కోడలు ఎక్కడుంటే ఆ గుమ్మానికి చేపలు కడతారు. చూసేశాం, వస్తున్నాం అని. పొద్దుగూకేలోపు వచ్చి ఈడ్చుకుపోతారు. మా తోటికోడలికీ ఇలాగే కట్టారండీ.”

“తరువాత ఆవిడేమైంది?”

మహాలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది.

కొల్లేరు లంకలో చేపల చెరువులు చేసే ఫణీంద్ర భార్య ఆమె. విరిగిన చేత్తో వచ్చింది. అలా దెబ్బలు తప్పించుకొచ్చిన ఆడవాళ్ళ కోసం ఏలూరులోని ఒక సంస్థ తాడేపల్లిగూడెంలో నడుపుతున్న ఇల్లది. బయట బోర్డు ఉండదు. చుట్టుపక్కలవాళ్ళు లేడీస్ హాస్టల్ అనుకుంటారు.

ఎలిజబెత్ పోలీసులకు ఫోన్ చేసింది. “చేపలు కట్టడం ఏ సెక్షన్ కిందకొస్తుందండీ?” అని అటువైపు నవ్వు వినిపించింది. వీలు చూసుకుని ఎవరినైనా పంపుతామన్నారు.

ఇల్లు బయటపడితే ఏం చేయాలో ఆమెకు కంఠతా వచ్చు. మనుషుల్ని జంగారెడ్డిగూడెంలోని రెండో ఇంటికి మార్చాలి. కానీ ఈ ఇల్లు చెప్పినవాళ్ళు ఆ ఇల్లు చెప్పి ఉండరని నమ్మకమేమిటి? రెండిళ్ళూ తెలిసినవాళ్ళు తను కాక మార్తమ్మ, డ్రైవర్ జీవన్, ఏలూరు ఆఫీసులో డైరెక్టర్ నాగభూషణం. అంతే. మార్తమ్మ బజారుకు కూడా పోని మనిషి.

ఆడవాళ్ళందర్నీ మార్తమ్మతో ఆటోలెక్కించి హెన్రీ పాస్టరుగారి చర్చి హాలుకు పంపింది. సాయంత్రం అక్కడ ప్రార్థన కూటం ఉంది. ఆలోపు వాళ్ళను ఇంకెక్కడికో చేర్చాలి. ఎక్కడికో తేలాలంటే, నోరు జారిందెవరో ముందు తేలాలి.

కారు ఏలూరు దారి పట్టింది.

“జీవన్, మీ అత్తారిది కొల్లేరు పక్క కైకలూరే కదూ?”

“అడగదలుచుకున్నదేదో సూటిగా అడగండి మేడం. ఎక్కినప్పట్నుంచీ అద్దంలో నా మొహమే చూస్తున్నారు.”

“ఈ ఇంటి సంగతి ఎవరికైనా చెప్పావా?”

“మా ఆవిడకే చెప్పలేదండీ. గూడెంలో రెండో కాపురం పెట్టానని రోజూ కొట్లాట. ఈ ఉద్యోగం కోసం ఆ నిందా మోస్తున్నాను.”

ఎలిజబెత్‌కు నవ్వొచ్చింది గానీ పెదాల దాకా రాలేదు. జీవన్ ఒక లారీని దాటించి, గొంతు తగ్గించాడు.

“నేను చెబితే బాగుండదేమో.”

“చెప్పు.”

“మొన్న కైకలూరులో ఊరి పెద్దలకి, ఆడవాళ్ళని కొట్టకూడదని నాగభూషణం సార్ క్లాసు చెప్పారు కదండీ. టీ కప్పుల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. పేరు మార్చారు, ఊరు మార్చారు. కానీ చెయ్యి విరిగిన లంకమ్మాయి, ఉల్లిపాయల లారీల హారన్లకి ఉలిక్కిపడి లేచేదట. వల అల్లడం మొదలెట్టాక స్థిమితపడిందట. అల్లిన వల డాబా మీద ఆరేస్తుందట. హాలంతా ఒకటే చప్పట్లు.”

ఎలిజబెత్ అద్దంలోంచి చూపు తిప్పుకుంది. ఉల్లిపాయల లారీలంటే తాడేపల్లిగూడెం మార్కెట్టని ఈ జిల్లాలో ఎవరైనా చెబుతారు. మార్కెట్టు వెనక వీధుల్లో తలెత్తి నడిస్తే చాలు, వల ఆరేసిన డాబా ఒక్కటే కనబడుతుంది. ఆ వల ముచ్చట నాగభూషణానికి మురిసిపోతూ చెప్పింది తనే.

“అప్పుడే నాకెందుకు చెప్పలేదు?”

“సార్ చెప్పింది తప్పని నేనెలా అంటానండీ? సార్ నోట్లోంచి వచ్చేదంతా పాఠమేనని మీరే అంటారుగా.”

అంటుంది. నిజం కూడా. ఈ పని ఆమెకు నేర్పింది నాగభూషణమే. ఒక ఆడమనిషి పడ్డ కష్టం ఇంకో ఆడమనిషికి దారి కావాలి, తెలిసింది దాచుకుంటే కుళ్ళిపోతుంది అనేవాడు. దెబ్బలు తిన్న మనిషి ముందు నిలబడి ప్రశ్నలడగకూడదని, ఆమె ఉన్న గది తలుపు మూయకూడదని ఆయన చెప్పిన కథల్లోంచే నేర్చుకుంది. ఆ కథలు ఎంతమందినో గట్టెక్కించాయి. తన ఊహ తప్పయితే బాగుండునని ఏలూరు చేరేదాకా అనుకుంటూనే ఉంది.

నాగభూషణం కంప్యూటర్ ముందున్నాడు.

“రా అమ్మా. రాజమండ్రి క్లాసుకి తయారవుతున్నాను. కాఫీ చెప్పనా?”

ఆమె కూర్చోలేదు. ఫోన్‌లో చేపల ఫొటో తెరిచి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“కైకలూరు క్లాసులో ఫణీంద్ర తాలూకు వాళ్ళెవరున్నారు సార్?”

“పేర్లు మార్చే చెప్పానమ్మా. నియమం తప్పలేదు.”

“వల మార్చారా? లారీలు మార్చారా?”

“అవి తీసేస్తే వినేవాడికి ఏం పడుతుంది? ఫలానా స్త్రీ, ఫలానా ఊరు అంటే ఎవడి మనసు కదులుతుంది?”

“కదిలారు సార్. కదిలి గేటు దాకా వచ్చారు. చర్చి హాల్లో ఆడవాళ్ళు నా ఫోన్ కోసం చూస్తున్నారు. జంగారెడ్డిగూడెం పంపనా, వద్దా? నాకు అదొక్కటి చెప్పండి.”

ఫ్యాన్ గాలికి బల్ల మీది కాగితాలు లేస్తుంటే నాగభూషణం అరచెయ్యి వాటి మీద ఆనించాడు.

“పంపకు. అక్కడున్నవాళ్ళని కూడా ఇప్పుడే ఖాళీ చేయించు. ముందు వరసలో జోగారావు అని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఫణీంద్ర పెదనాన్న. పరిచయాలప్పుడే తెలిసింది నాకు. తెలిసే చెప్పాను ఎలిజబెత్. కథ సగంలో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎవరు మారాలని గొంతు చించుకున్నానో ఆ మనిషే నా కళ్ళముందు మారుతున్నాడనుకున్నాను. అందుకే ఇంకాస్త వివరంగా చెప్పాను. క్లాసయ్యాక నా చేతులు పట్టుకుని, ‘ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయా అండీ, మా ఊరి ఆడపిల్లలకీ పనికొస్తాయి’ అన్నాడు. జంగారెడ్డిగూడెంలో ఒకటుందన్నాను. పొగాకు గోడౌన్ పక్కన అని కూడా నేనే అన్నాను. తిరిగొచ్చేటప్పుడు కారులో జీవన్ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది ఏం చేశానో. నీ నంబరు నొక్కి కట్ చేశాను. నీకు నేర్పినవాణ్ణి, నీకేమని చెప్పుకోను? ఏం కాదులే అనుకున్నాను. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, నేను కాదనుకుంటే ఏమీ కాదనే ధీమా. ఆ చేపలు ఎవరు కట్టారో నాకు తెలియదు. దారి చూపించింది మాత్రం నేనే.”