మైనం పూసిన చెక్కనేల

మేడ మీది వాటాలో చెక్కనేల ఇంటాయన తన చేతులతో పరిచినదే. మోకాళ్లు అరగదీసుకుని, పలకకు పలక అతికాడు. అందుకే వాటాను నర్సమ్మకు అద్దెకిచ్చాడు గానీ నేలను మాత్రం ఇవ్వలేదు. ఇంటి యజమానులకు ఉండే జబ్బే ఇది.

నర్సమ్మతో పాటు ఆమె కుక్క దిగింది. వెనక్కాళ్ల మీద లేచిందంటే ఇంటాయన భుజాల మీద చేతులేస్తుంది. ఆమె మాత్రం దాన్ని బుజ్జిగాడంటుంది.

"ఇది బుజ్జిగాడైతే దున్నపోతునేమనాలమ్మా?"

"గోళ్లు కత్తిరిస్తూనే ఉన్నా బాబాయ్‌గారూ. వాడేం చెయ్యడు, వట్టి పిరికోడు."

ఇంటాయన నమ్మలేదు. ప్రతి ఆదివారం మైనం డబ్బా చంకన పెట్టుకుని మేడెక్కేవాడు. పూత మందంగా ఉంటే గోరు దిగదని ఆయన లెక్క. నేలలో తన మొహం కనబడేదాకా రుద్దేవాడు. అయినా గీతలు పడ్డాయి. మరికాస్త మైనం పూశాడు. మరికాసిని గీతలు పడ్డాయి.

ఒక ఆదివారం గుమ్మం నుంచి కిటికీ దాకా పొడుగాటి చారలు కనిపించాయి. ఆయన కడుపు మండిపోయింది.

"చాలు తల్లీ, నీకో దణ్ణం! వేరే ఇల్లు చూసుకో."

"ఇంత కుక్కతో నన్నెవరు రానిస్తారండీ?"

ఈ కేకలకు కింద నుంచి ఆయన భార్య పరుగున వచ్చింది. గుమ్మం దాటిందో లేదో కాలు సర్రున జారింది. పడబోతూ మొగుడి చెయ్యి దొరకబుచ్చుకుంది.

"అబ్బా! రక్కేశావేమిటే!"

"జారుతుంటే పట్టుకోనా మరి? నేలా ఇది, అద్దమా?"

ఇంటాయన తన చేతి మీది చారలు చూసుకున్నాడు. నేల మీది చారలు చూశాడు. వంటగదిలో గోనెపట్టా మీద దర్జాగా నిలబడ్డ కుక్క, నర్సమ్మ పిలవగానే మైనం మీద అడుగేసింది. వెంటనే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి. పడిపోకుండా గోళ్లన్నీ గుచ్చి పట్టుకుని, వణుకుతూ నేలను గీరుకుంటూ వచ్చింది.

"ఈ సంగతి ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"చెప్పాను బాబాయ్‌గారూ. జారిపోతున్నాడు, మైనం వద్దన్నాను. నా నేల సంగతి నాకు తెలుసన్నారు."

భార్య నవ్వింది. అది ఇంకా మండింది ఆయనకు. అట్లకాడ, గరుకు కాగితం తెచ్చుకుని, మళ్లీ అవే మోకాళ్ల మీద కూలబడి మైనం గీకడం మొదలుపెట్టాడు. గది మధ్యలో కాస్త చోటు గరుకు తేలిందో లేదో, బుజ్జిగాడు వచ్చి సరిగ్గా అక్కడే చతికిలబడ్డాడు.

"లెమ్మని చెప్పమ్మా వీణ్ణి!"

"ఇప్పుడేగా ధైర్యంగా కూర్చున్నాడు, ఉండనివ్వండి."

ఇంటాయన పళ్లు నూరుతూ, కుక్క చుట్టూ తిరిగి గీకాడు.