రెండో మీటరు

కొలిమి కంతలోంచి ఆల్గోట్ మూడోసారి తొంగిచూశాడు. లోపల కరిగిన గాజు పాకంలా కదులుతోంది. అరవై ఒక్క ఏళ్ల మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు ఆ వేడికి ఎదురుగా నిలబడి కనుబొమలు పలచబడ్డాయి, ఎడమ చెంప కమిలిపోయింది. కొలిమి ఎంత గ్యాసు కాల్చిందో మీటరు చూసి అంకెలు రాసుకున్నాడు.

గునిల్లా అనే పరిశోధకురాలు వస్తోంది. గాజు సీసా వల్ల భూమి ఎక్కువ వేడెక్కుతుందా, ప్లాస్టిక్ సీసా వల్లనా అని తేల్చమని పళ్లరసం కంపెనీవాళ్లు ఆమెను పంపారు. స్మోలాండ్ అడవిలోని ఆ గాజు సీసాల ఫ్యాక్టరీకి వాళ్లే పెద్ద గిరాకీ. ఆల్గోట్ భార్య మాయ్ కూడా అక్కడే సీసాలు పెట్టెల్లో సర్దుతుంది.

"మన శవపేటికకి కొలతలు తీసుకోడానికొచ్చిందిరోయ్!" అన్నాడు పక్కనున్న బిర్యెర్, ఆమె కారు చూసి.

మేనేజరు లెన్నార్ట్ ఆల్గోట్‌ను పక్కకు పిలిచాడు.

"కొలిమి మీటరు చూపించు, చాలు. సీసాలు పగలకుండా మెల్లగా చల్లార్చే పొయ్యికి వెనకగదిలో వేరే మీటరుంది కదా, అది అడిగితేనే చెప్పు. అదీ కలిస్తే గాజు లెక్క ఇంకా పెరుగుతుంది."

గునిల్లా త్రాసు మీద గాజు సీసా పెట్టింది. నాలుగు వందల గ్రాములు. సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి పెట్టింది. ఇరవై ఎనిమిది. ఆల్గోట్ గాజు సీసాను వేలితో చూపించాడు.

"దీన్నే కడిగి ఇరవైసార్లు వాడితేనో?"

"అప్పుడు గాజే నెగ్గొచ్చు. కానీ ఇప్పుడు ఒక్కసారి తాగి తొట్టిలో పడేస్తున్నారుగా! మళ్లీ కరిగించాలంటే మళ్లీ మంటే."

ఆమె కొలిమి మీటరు చూసి రాసుకుని పుస్తకం మూసింది. రెండోదాని సంగతి అడగలేదు.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, తాతల నాడు బండ్లు నడిచిన సరస్సు మీది మంచుగడ్డ, స్నేహితుడు సిక్స్‌టెన్ ఒక్కడి బరువుకే విరిగింది. ఆల్గోట్ విసిరిన తాడు ఖాళీగా తిరిగొచ్చింది. అప్పటినుంచీ చలి ముదరని ప్రతి చలికాలమూ అతనికి భయమే. ఇప్పుడు గోడ అవతల మాయ్ పెట్టెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె పని పోతుందేమోనని, అదీ భయమే.

"ఉండండి," అన్నాడు. "ఇంకో మీటరుంది."

గునిల్లా వెళ్లాక లెన్నార్ట్ అరవలేదు. "నూటపది కుటుంబాలయ్యా," అన్నాడు నేల చూస్తూ. "ఇంటికెళ్లు. సెలవు పెట్టుకో. నేనే కబురు చేస్తా."

వాకిట్లో మాయ్ ఎదురొచ్చింది. "ఏం చేశావు?"

"ఉన్నది చెప్పాను."

"నాకు భయంగా ఉంది."

"నాకూనూ."

ఆమె అతని కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టి, మళ్లీ పనిలోకి వెళ్లిపోయింది. అతను చెట్ల మధ్య దారిపట్టి నడిచాడు. కబురు రాలేదు. అతను మళ్లీ ఫ్యాక్టరీకి రాలేదు.

కొలిమి పక్క మేకుకు అతని తోలు చేతొడుగు ఒకటి వేలాడుతోంది. లోపల ఇంకా ఒక చెయ్యి ఉన్నట్టు దాని ఐదు వేళ్లూ వంగే ఉన్నాయి.